ఎనిమిది ముక్కల చొక్కా

ఆడపిల్ల పుట్టిందన్న కబురు వచ్చేసరికి నేనూ మా ఆయనా మిద్దె మీద, ఆరేసిన దుప్పటి వెనకాల, ఒకే లోటాలో కాఫీ తాగుతున్నాం. ఆషాఢమంతా నన్ను చింతామణిలో మా పుట్టింట్లో కూర్చోబెట్టి, శ్రావణం రాగానే తెచ్చుకున్నారు. తిరిగొచ్చి వారమే అయింది కనక, ఇద్దరికి రెండు లోటాలు ఎందుకో మాకింకా అర్థం కాలేదు.

కింద వీధిలోంచి కాఫీపొడి అంగడి చెన్నరాయప్ప గొంతు వినిపించింది. చిక్కపేట వెనక మా సందు మొత్తానికి ఫోను ఉన్నది ఆయన అంగట్లోనే. ఏ కబురొచ్చినా ఆయన ఇంట్లోకి వచ్చి చెప్పడు. వీధి మధ్య నిలబడి చెబుతాడు. ఫోను అందరిదీ అయినప్పుడు కబురు మాత్రం ఒకరిదెట్లా అవుతుందని ఆయన వాదన.

"వెంకటగిరియప్పా, ముత్తాతవైపోయినావప్పా. ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు."

మా ఆయన పేరు గిరీశ. ప్రసవించింది ఆయన అక్క ప్రమీల, నాకు వదిన. వెంకటగిరియప్ప తాత అప్పుడే బట్టల అంగడికి బయలుదేరుతూ ఒక కాలికి చెప్పు తొడిగి ఉన్నాడు. రెండో చెప్పు మరిచిపోయి, కలకండ పొట్లం పట్టుకుని సందు చివరిదాకా పంచి వచ్చాడు. చిన్నమామ మారప్ప కలకండ పంచడానికి వెనకే వెళ్ళి, పంచినంత తనూ తిన్నాడు. నేను మా ఆయన చేయి పట్టుకుని మెట్లు రెండేసి దిగాను. మా అత్తయ్య రత్నమ్మ చూసింది గానీ ఆ రోజుకు వదిలేసింది.

తొమ్మిదింటికి మామయ్య ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు. మామయ్య పేరు మునిస్వామి. గడియారాల ఫ్యాక్టరీలో పని. తాత అయిన మనిషి మొహం అట్లా ఉండదు. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి అప్పుడు చెప్పాడు. శుక్రవారం పొద్దున పంపిస్తారట. కానీ ప్రమీల ఒక్క మాట మీద కూర్చుంది.

"అవ్వ చొక్కా లేకుండా బిడ్డను గుమ్మం దాటించనంటా ఉండాది. ఆ చొక్కా వచ్చినాకే తానొస్తాదంట. నర్సమ్మకు కూడా చెప్పేసినాది."

అది అయ్యే పని కాదు. ఎందుకంటే ఆ చొక్కా లేదు. దాన్ని కుట్టవలసిన మనిషి, తాత భార్య భాగీరథమ్మ అవ్వ, చైత్రమాసంలో పోయింది.

ఆ చొక్కా సంగతి చెప్పాలంటే అవ్వ సంగతి చెప్పాలి. ఆమె దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇంటి పిల్ల. చిక్కపేట బట్టల వ్యాపారి ఇంటికి కోడలై వచ్చింది. మామయ్య పుట్టినప్పుడు, ఇంటి నిండా తానులకు తానులు ఉన్నా, పసిబిడ్డ ఒంటికి వేయడానికి ఒక్క మెత్తటి గుడ్డ దొరకలేదట. అన్నీ గంజి బట్టలే. పైగా పురిటిబిడ్డకు కొత్త బట్ట వేయకూడదాయె. అవ్వ తన నూలుచీరలో ఒక ముక్క, తాత పంచెలో ఒక ముక్క కత్తిరించి, రెండూ కలిపి చొక్కా కుట్టింది. బిడ్డ అది తొడుక్కుని ఏడుపు ఆపి నిద్రపోయాడు. మామయ్య ఇప్పటికీ అట్లాగే నిద్రపోతాడు.

అప్పటినుంచి అదే ఆచారమైంది. ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు, తొమ్మిదిమంది మనవలు, అందరూ ఆసుపత్రి నుంచి అట్లాంటి చొక్కాలోనే ఇంటికి వచ్చారు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పాతబట్టలో ఒక ముక్క అందులో ఉండాలి. బిడ్డకు ఇంట్లోవాళ్ళ వాసన ముందే తెలిసిపోతే, ఎవరెత్తుకున్నా ఏడవదని అవ్వ అనేది.

చిక్కంతా ఆమె పద్ధతిలో ఉంది. అవ్వ అడిగి తీసుకునేది కాదు. అడిగితే మనుషులు చిరిగినవి, మరకలవి ఇస్తారట. మెత్తటిది కావాలంటే మనిషి ఇష్టంగా తొడుక్కునేదే కావాలి, అది వాడు ఇవ్వడు, కనక తీసుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఏడో నెల వచ్చిందంటే మగవాళ్ళు చొక్కాలు తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళు. ఒకసారి తాత ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేయడానికి లేచి నిలబడగానే వెనక వరసలో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారట. పంచె వెనక అరచేయంత చదరంగా కిటికీ ఉంది. ఇంటికొచ్చి అరిస్తే అవ్వ పప్పు రుబ్బుతూనే జవాబిచ్చిందట.

"ముందర పక్క కత్తిరించలేదు కదా. ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు."

ఆ రోజే తాత తన బీరువాకు తాళం వేశాడు. ఆ తరవాత పుట్టిన ప్రతి మనవడి చొక్కాలోనూ తాత పంచె ముక్క ఎట్లా వచ్చిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ నాకు అవ్వే చెప్పింది. మా పెళ్ళయ్యాక ఆమె బతికింది నలభైమూడు రోజులు. రోజూ పొద్దున నన్ను కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని, కండ్లకు ఆనడం లేదంటూ పన్నెండు సూదుల్లో నాచేత దారం ఎక్కించేది. ఎక్కించిన సూదులన్నీ దిండుకు వరసగా గుచ్చాలి. ఒక్కో సూదికి ఒక్కో కథ. ఆ ఇంట్లో బట్టలేని వస్తువు లేదు. రేడియోకు చొక్కా, గ్యాసు సిలిండరుకు కుచ్చుల పావడా, గోడమీది క్యాలెండరుకు కూడా తల్లోకి గుడ్డ మందారం. నాకూ ఒక రవిక కుట్టింది, వంకాయరంగుది. తొడుక్కుంటే నా ఒంటిని నాకన్నా బాగా తెలిసినవాళ్ళెవరో కుట్టినట్టుండేది.

ఏడో నెల రాకుండా గుడ్డ మీద కత్తెర పెట్టకూడదన్నది ఆమె నియమం. ప్రమీల వదినకు ఆరో నెలలో ఉండగా అవ్వ పోయింది.

మారప్ప మామ అంగడి ఎదురుగా ఉన్న దర్జీచేత కుట్టిద్దామన్నాడు. దర్జీ చేతిది ప్రమీల ముట్టదని మామయ్య అన్నాడు. ఎవరు ముందు తిప్పారో గాని, అందరి కళ్ళూ నా మీదికి వచ్చాయి.

"ఇంట్లో కుట్టు తెలిసిన పిల్లను పెట్టుకుని మనమెందుకప్పా బేజారు పడేది," అంది అత్తయ్య. "సుగుణ ఉండాది కదా."

ఆ కుట్టు కథ వేరే ఉంది. పెళ్ళిచూపులనాడు మా అమ్మ బల్లమీద చిలకలు కుట్టిన గుడ్డ పరిచి, ఇదంతా మా సుగుణ చేతి పనే అని చెప్పింది. అది మా పక్కింటి టీచరమ్మ పని. నేను బి.ఎ. ఎకనామిక్సు చదివాను. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునేదాన్ని. ఆరోజు అవ్వ ఆ గుడ్డను తిరగేసి వెనకవైపు చాలాసేపు చూసి, చిలక తోకకు ఏ కుట్టు వేశానని నన్నడిగింది. ఆకుపచ్చ కుట్టు అని చెప్పాను. అవ్వకు దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తెచ్చిస్తే కొంగు అడ్డం పెట్టుకుని ఇంకా దగ్గింది. మగవాళ్ళకు కుట్ల పేర్లు తెలియవు. అత్తయ్య ఆ సమయంలో బోండాలో ఉప్పు ఎక్కువైందా లేదా అని ఆలోచిస్తోంది. తాంబూలాలు మర్నాడే పుచ్చుకున్నారు.

ఇప్పుడు నేను వచ్చు అంటే బిడ్డకు చొక్కా ఉండదు. రాదంటే నాకు మొహం ఉండదు. మా ఆయన నావైపు గర్వంగా చూస్తున్నాడు. పాపం ఆయనకూ తెలియదు. ఆ చూపు చూసి నా నోట మాట వేరేగా వచ్చింది. అవ్వ కత్తిరించుకున్న కాగితం నమూనాలు ఎక్కడైనా ఉంటే చూద్దామన్నాను. ఉండవని నా ఆశ.

ఉన్నాయి. అత్తయ్య మిషను కింది నుంచి ఒక బిస్కట్ల డబ్బా లాగింది. అందులో మడతపెట్టిన పేపరు ముక్కలు, చేతులు, మెడలు, వీపులు, ఇంటిల్లిపాదీ చదునుగా పడుకున్నట్టు. అవ్వకు చదువు రాదు. అందుకే ఏది ఎవరిదో తెలియడానికి ప్రతిదాని మీదా అంగట్లో గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో ఒక బొమ్మ వేసుకుంది.

మేమందరం చాప మీద చుట్టూ కూర్చున్నాం. మొదట వచ్చింది పెద్ద చొక్కా, దానిమీద పనసపండు, ముళ్ళతో సహా. చిన్నప్పుడు ఒక పనసపండు ఒక్కడే తిని మూడురోజులు పెరట్లోనే కాపురం పెట్టిన మనిషి ఎవరో ఎవరూ అడగవలసిన అవసరం లేకపోయింది. మారప్ప మామ అది సగం పండేనని వాదించాడు.

బస్సు బొమ్మ మా ఆయనది. ఏడేళ్ళప్పుడు, అవ్వ తమ్ముడింటికి రెండు రోజులని వెళితే, ఈయన ఒంటరిగా బస్సెక్కి దొడ్డబళ్ళాపురం పోయి ఆమె కొంగు పట్టుకున్నాడట. అవ్వ అదే బస్సులో తిరిగొచ్చింది. మళ్ళీ ఎన్నడూ బయట ఒక్క రాత్రి ఉండలేదు. నేను ఆ బస్సును వేలితో నిమిరాను. అందరూ ఉన్నారని గుర్తొచ్చి చెయ్యి తీసేశాను. బల్లి బొమ్మ ప్రమీల వదినది. ఆమె ఐదేళ్ళదాకా అవ్వ వీపును గోడమీది బల్లిలా కరుచుకునే ఉండేదట. రైలింజను ఆమె భర్తది. ఆయన హుబ్బళ్ళిలో రైల్వే ఉద్యోగి.

ముళ్ళు రెండూ కిందికి వేలాడుతున్న గడియారం వచ్చినప్పుడు మామయ్య ముఖం ముడుచుకున్నాడు. "గడియారాల ఫ్యాక్టరీలో పని కదా, అందుకని వేసుంటాది," అన్నాడు. ఎనిమిదింటి షిఫ్టుకు ఇంకా ఇంట్లోనే కూర్చున్న మనిషి ఆ మాట అంటే మేమేం మాట్లాడతాం?

తాళంకప్ప తాతది. తాత దాన్ని దూరంగా పట్టుకుని చూసి, తాళంచెవి బొక్క కూడా వేసినాదే అని మాత్రం అన్నాడు.

తరవాత ఒక రవిక నమూనా. మీద నెమలి, పురి విప్పి ఉంది. ఎవరిదో తెలియలేదు. అత్తయ్య కొలత చూసింది, తన కొలతే. అయినా తనది కాదంది. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేండ్లలో వంటలో ఉప్పు గురించి తప్ప అవ్వ తనతో మాట్లాడింది తక్కువనీ, తనకైతే ఉప్పు జాడీ వేసి ఉంటుందనీ చెప్పింది. తాత తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"నా కోడలు కొంగేసుకుని నడిస్తే నెమలే అని వచ్చినోళ్ళందరికీ చెప్పేది. నీ ముందర చెప్పలా, అంతే."

"ఒక్కసారి చెప్పి ఉంటే ఆమె నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా," అంది అత్తయ్య. పొయ్యి మీద పాలు చూసొస్తానని లేచి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవు.

ఆమె తిరిగొచ్చేసరికి నా చేతిలో ఇంకో రవిక ఉంది. చిన్నది, కొత్తది. వంకాయరంగు పోగు ఒకటి ఇంకా అంటుకునే ఉంది. దానిమీద సూది బొమ్మ.

"చూసినారా," అని మా ఆయన చాప మీద లేచి కూర్చున్నాడు. ఇంటి సూది అవ్వ నా చేతికే ఇచ్చిపోయిందని అందరికీ రూఢి అయిపోయింది. అత్తయ్య నా తల నిమిరింది. నేను మాత్రం ఆ బొమ్మను మళ్ళీ చూశాను. పనసపండుకు ప్రతి ముల్లూ ఉంది. బస్సుకు స్టీరింగు ఉంది. తాళానికి తాళంచెవి బొక్క ఉంది. నా సూదికి బెజ్జం లేదు. నిలువునా ఒక నున్నటి గీత, కింద మొన.

బెజ్జం మరిచిపోయే మనిషి కాదు ఆమె.

డబ్బా అడుగున చివరి కాగితం, అరచేయంత చొక్కా. తేదీ చూశాను, ఉగాదికి ముందు వారం పేపరు. గుడ్డ మీద కత్తెర పెట్టకూడదన్న నియమం కాగితానికి లేదన్నమాట. ఆ చిన్న చొక్కా మీద గీతలు గీసి ఎనిమిది గళ్ళు చేసి, ఏ ముక్క ఎవరిదో బొమ్మలు వేసి ఉంది. వీపున తాళం. కుడిచేయి పనసపండు, ఎడమచేయి గడియారం. ముందు భాగం బస్సూ బల్లీ. అంచుకు రైలింజను. మెడచుట్టూ నెమలి. ఎడమవైపు రొమ్ము మీద, బిడ్డ గుండె ఉండేచోట, నా సూది.

నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి మూడు వారాలు.

ఇక నావల్ల కాలేదు. నాకు కుట్టు రాదని చెప్పేశాను. చిలకలు టీచరమ్మవని, తోక సంగతి, ఆకుపచ్చ కుట్టు సంగతి, అన్నీ చెప్పేశాను. ఆ సూదికి బెజ్జం లేదని కూడా చూపించాను. కాగితం చేతులు మారింది. అందరూ దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. మా ఆయన నోరు తెరిచి ఉంది. ముందుగా నవ్వింది అత్తయ్య, కొంగు నోట్లో కుక్కుకుని, చెంబు బోర్లా పడేట్టు. తరవాత మారప్ప మామ నేలమీద చరుస్తూ "ఆకుపచ్చ కుట్టు, ఆకుపచ్చ కుట్టు" అని పొర్లాడు.

తాత నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు.

"పెళ్ళిచూపుల నుంచి వస్తానే బస్సులో నాకు చెప్పినాది," అన్నాడు. "ఈ పిల్లకు కుట్టూ రాదు, అబద్ధమూ రాదు, చెవులు ఎర్రగా అయిపోతాయి అనింది. కుట్టు నేను నేర్పిస్తా, రెండోది రాకపోతేనే మేలు అనింది."

నేర్పడానికి నలభైమూడు రోజులు చాలలేదు. పన్నెండు సూదుల్లో దారం ఎక్కించడం దగ్గరే ఆగిపోయాం. ఆమెకు కండ్లు ఆనకపోవడమేమిటి, అంత చిన్న తాళానికి చెవి బొక్క వేసిన మనిషికి? ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఏడుపు రాకుండా ఏదో ఒకటి అడగాలి కనక, మరి ఈ చొక్కాలో అవ్వ బొమ్మ ఏదని అడిగాను. ఎనిమిది గళ్ళలో ఆమె లేదు. మొదటి చొక్కాలో తప్ప ఆమె ఎప్పుడూ తన ముక్క పెట్టలేదని అత్తయ్య చెప్పింది. తన పాతచీరలోంచి పోగులు లాగి పేనుకుని, ఆ దారంతోనే మొత్తం కుట్టేదట.

ఆ మాట అన్నాక ఆమె తాతవైపు చూసి చప్పున తల దించుకుంది. ఎందుకంటే అవ్వ చీరలు ఆరూ తాత బీరువాలో ఉన్నాయి. ఆమె పోయిన పదమూడో రోజున తాత వాటిని లోపల పెట్టి తాళం వేశాడు. కూతుళ్ళు ఒక్కటి అడిగినా ఇవ్వలేదు. చీరల మాట ఎత్తితే లేచి అంగడికి పోతాడు. శుక్రవారం బిడ్డ ఇంటికి రావడమా మానడమా అన్నది ఇప్పుడు ఆయన మొలతాడుకు కట్టిన తాళంచెవిలో ఉంది. ఎవరం అడగలేదు.

తాత తాళంకప్ప బొమ్మున్న కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని మడతలు సాపు చేస్తూ కూర్చున్నాడు. చిన్న చొక్కా తీసుకుని వీపు మీది తాళాన్ని చూశాడు. తరవాత మొలలోంచి తాళంచెవి తీసి, లేచి, బీరువా తెరిచాడు. పైనున్న చీర తీశాడు, కుంకుమరంగు అంచు నూలుచీర. కింద ఆయన పంచెలు ఉన్నాయి. ఒకదాన్ని దులిపితే మధ్యలో పాత చదరపు కిటికీ కనిపించింది. ఆ పెళ్ళినాటి పంచె. ఇన్నేళ్ళూ పారేయలేదు.

"దీంట్లో ఇంకొక ముక్క కత్తిరించినా మునిగిపోయేదేం లేదు," అన్నాడు.

ఆ పంచెను చీర మీద పెట్టి, మా అందరివైపు తిరిగాడు. అంగట్లో గిరాకీతో మాట్లాడే గొంతు వచ్చింది ఆయనకు, చైత్రం తరవాత మొదటిసారి.

"రేపు అంగడి తియ్యను."

మారప్ప మామ కలకండ మింగబోయి ఆగిపోయాడు. ఎల్లుండి వరమహాలక్ష్మి వ్రతం, చీరలకు ఏడాదిలో ఇంతకన్నా పెద్ద రోజు లేదు, రేపు మూసేస్తే చిక్కపేటంతా నవ్వుతుందన్నాడు.

"నవ్వనీలే. మా ఇంటికి లక్ష్మి చొక్కా లేకుండా వస్తే నవ్వరా?" అన్నాడు తాత. "పొద్దున్న ఆరింటికి అందరూ ఈ చాప మీద ఉండాల. మునీ, నువ్వు కూడా ఆరంటే ఆరే. నలభై ఏండ్లు గజంకడ్డీ పట్టినోణ్ణి, ముక్కలు నేను కత్తిరిస్తా. రత్నమ్మ పోగులు లాగి దారం పేనుతాది. ఎవరి ముక్క వాళ్ళే కుట్టాల, ప్రమీలదీ వాళ్ళాయనదీ గిరీశ కుడతాడు, వంకరైనా సరే. ఈ పిల్ల ఎనిమిది సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడతాది, అది దానికి బాగా వచ్చు. ఇంకొక మాట. మీ మీ మంచి చొక్కాలు, రవికలు మీరే తెచ్చి నా ముందర పెట్టండప్పా. దొంగిలించేదానికి ఆమె లేదిప్పుడు."